నీళ్లు పంచే గొట్టం

మా పాత ఇంటావిడ కారక్క పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది ఆమెతో పాటు మోటార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ఒకామె. అప్పటికి నేను జోగిపేటకు బదిలీ అయి చాలా రోజులైంది. మర్నాడు బడికి సెలవు పెట్టి పటాన్‌చెరు బస్సెక్కాను. కాలనీలో మలుపు తిరగగానే మొదట కనిపించింది కారు వెనక భాగమే. ప్రహరీ దాటి మూరెడు బయటికి, గల్లీలోకి పొడుచుకొచ్చి ఉంది. ఎవరికీ తగలకుండా ఎప్పటిలాగే ఎర్రగుడ్డ కట్టి ఉంది. లోపల ఆడవాళ్లు కూర్చొని మాట్లాడుకుంటున్నారు.

"మనిషి మంచిదే గని మా మొండిది," అంది ఒకావిడ.

"మొండిది గాకపోతె గా కారు నడుస్తుండెనా?" అంది ఇంకొకావిడ.

అందరూ తలూపారు. ఆ మొండితనం ఎక్కడ మొదలైందో మాత్రం వాళ్లలో చాలామందికి తెలియదు. నాకు తెలుసు.

నేను ఆమె ఇంటి పైగదిలో మూడేళ్లు కిరాయికి ఉన్నాను. గది చూడడానికి వెళ్లిన రోజు వాకిట్లో మనుషులెవరూ లేరు. వాకిలంతా నిండిపోయి ఒక పాత అమెరికా కారు ఇటుకల మీద నిలబడి ఉంది. రంగు ఏదో చెప్పలేనంత తుప్పు. బానెట్ కొసన చిన్న ఇత్తడి రంగు ఓడ బొమ్మ. కారు కింద నుంచి చీర కుచ్చిళ్లూ, పగిలిన మడమలూ కనిపించాయి.

"ఇంటావిడ ఉన్నారా?" అని అడిగాను.

"ఉన్న. జెర ఆగు, ఇది ఇడిస్తె మల్ల దొరకది," అని కారు కిందనుంచే జవాబొచ్చింది.

పావుగంట నిలబడ్డాను. బయటికి వచ్చిన మనిషికి యాభై ఎనిమిదేళ్లుంటాయి. చీర మీద, చనిపోయిన భర్త ఫ్యాక్టరీ ఖాకీ చొక్కా. చేతులు తుడుచుకుంటూ, ఏం చేస్తావని అడిగింది. సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్తానన్నాను.

"సదువుడు కాదు. సదివి తెలుగుల చెప్పొస్తదా?"

"వస్తుంది."

"ఐతె గది నీదే."

కులం, ఊరు, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, నీళ్ల వాడకం, ఇవేవీ అడగలేదు. ఎందుకో ఆ సాయంత్రమే తెలిసింది. హైదరాబాదులో పాత కార్లు బాగుచేసుకునే ఎవరినో పట్టుకొని, ఆ కారు తయారీ కంపెనీ ఒకప్పుడు మెకానిక్కుల కోసం అచ్చేసిన పుస్తకాన్ని జిరాక్స్ తీయించుకొచ్చింది. ఇటుకంత మందం. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. నాకు అక్షరాలు వచ్చు, వస్తువులు తెలియవు. "నువ్వు అచ్చరం చెప్పు, నేను సామాను చెప్త," అంది. అదే మా ఇద్దరి ఒప్పందం.

రోజూ ఆమె డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగాక, నేను పీట మీద కూర్చొని చదివేదాన్ని. ఆమె కారు లోపల తల దూర్చి వినేది. నేను "సన్నటి కడ్డీ, చివర గుండ్రంగా..." అని తడబడుతుంటే, లోపలి నుంచి చెయ్యి మాత్రం బయటికి వచ్చేది. అందులో సరిగ్గా ఆ వస్తువే ఉండేది.

ఆమె ముప్పై ఏళ్లుగా మోటార్లకు రాగితీగ చుట్టే పనిలో ఉంది. దేన్నైనా ముందు వాసన చూసేది. తీగ, ప్లగ్గు, ఆయిల్ మూత, అన్నీ ముక్కు దగ్గర పెట్టుకున్న తర్వాతే చూపుకి. ఒక భాగం విప్పాలంటే ముందు నేల మీద సుద్దముక్కతో దాని బొమ్మ గీసేది, వాకిట్లో ముగ్గేసినంత ఒద్దికగా. తీసిన ప్రతి బోల్టునూ ఆ బొమ్మలో దాని చోట పెట్టేది. ఆ ముగ్గు దాటి ఎవరైనా కాలు పెడితే అరుపే. పక్కింటివాళ్లు గోడమీదుగా, "ఎప్పుడైతదక్కా ఇది?" అని నవ్వుతూ అడిగేవాళ్లు.

"అయ్యేదాక అయితది," అనేది తలెత్తకుండా.

ఎవరైనా కారును చూసి "పాపం ముసల్దైంది" అంటే మాత్రం ఆమెకు నచ్చేది కాదు. "ఇనుముకు పాపం గీపం లేదు. తుప్పు పట్టింది. గీకితె పోతది," అనేది.

నేను వచ్చిన కొత్తలోనే చక్రాలు విప్పే పని పెట్టుకుంది. కుడివైపువి వచ్చాయి. ఎడమవైపువి కదల్లేదు. హైవే పక్కన షెడ్డు నడిపే మెకానిక్కును పిలిస్తే, అతను ఇంకో ముగ్గురిని తెచ్చాడు. పానా మీద ఇద్దరు ఎక్కి తొక్కారు. ఒక బోల్టు తల ఫట్టున విరిగి గోడకు తగిలింది. "అక్కా, ఇది సచ్చిన ఇనుము. కట్టర్ పెట్టుడే," అని అతను చేతులు దులుపుకున్నాడు. ఆమె వాళ్లకు చాయ్ పోసి పంపించి, "టీచరమ్మా, చక్రాల పేజీ తియ్యి," అంది.

చదివాను. ఎడమ చక్రాల బోల్టులకు మర ఎడమవైపు తిరిగి ఉంటుందట. అంటే మామూలుగా బిగించే దిక్కుకు తిప్పితే అవి ఊడుతాయి. రెండోసారి చదివించుకుంది. తర్వాత పానా పెట్టి, ఒంటి చేత్తో రెండో దిక్కుకు ఒక్క ఊపు ఊపింది. కిర్రుమని వచ్చింది. ఆమె నేల మీద కూలబడి, నేను ఎన్నడూ చూడనంతసేపు నవ్వింది.

"నలుగురు మగోళ్లు పొద్దటిసంది బిగిస్తున్నరు టీచరమ్మా, ఇప్పుతున్నమనుకొని!"

ఆ నవ్వు విని కూడా ఇటు తిరగని మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉన్నారు. ఆమె తండ్రి. ఎనభై ఐదేళ్ల మనిషి. నీటికాసులు ముదిరి చూపు చాలా మటుకు పోయింది, మిగిలింది నీడలే. వరండాలో ఆయన నులకమంచం. ఆ కారు ఇంటికి వచ్చిన రోజే మంచాన్ని గోడవైపు తిప్పించుకున్నాడట. నాతో బాగానే మాట్లాడేవాడు. టైమెంతని అడిగేవాడు, బడిలో ఏం కూర పెట్టారని అడిగేవాడు. కారు సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. చక్రాల బోల్టుల గొడవ జరుగుతున్నప్పుడు మాత్రం, ఆయన కుడిచెయ్యి దుప్పటి మీద మెల్లగా రెండో దిక్కుకు తిరగడం చూశాను. అప్పుడు నాకు అర్థం కాలేదు.

అందరూ ఆమెకు ఒకే సలహా చెప్పేవారు. ఆ ఇంజిన్ పట్టేసుకుపోయింది, అది తీసి పారేసి జీపు డీజిల్ ఇంజిన్ పెడితే నెలలో రోడ్డెక్కుతుందని. ఆమె వినేది కాదు. రోజూ పొద్దున డ్యూటీకి పోయేముందు ప్లగ్గుల రంధ్రాల్లో కిరసనాయిలూ నూనే కలిపి పోసి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కేది. కదిలేది కాదు. హ్యాండిల్ తీసి, చేతులు కడుక్కొని, టిఫిన్ డబ్బా పట్టుకొని బస్సు కోసం వెళ్లిపోయేది. రెండు నెలలు ఇదే. ఒక ఆదివారం నేనూ నోరు జారాను.

"అక్కా, అందరూ చెప్తున్నారు కదా, ఇంజిన్ మార్చేస్తే ఏం? కారు కారే కదా."

పానా కింద పెట్టింది. తండ్రి మంచం వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

హత్నూర దగ్గర వాళ్ల ఊరు. కూలి చేసుకునే కుటుంబం. ఆ కారు ఊరి పెద్ద పటేల్‌ది. ఆమె తండ్రి దానికి డ్రైవరు. ఊళ్లో వాళ్ల వాడ నుంచి స్టీరింగ్ పట్టిన మొదటి మనిషి ఆయనే. ఒక ఎండాకాలం పటేల్‌నూ, ఆయన తమ్ముణ్నీ జోగిపేటలో ఆఫీసు పనికి తీసుకుపోతుంటే, దారిలో ఇంజిన్ కాలిపోయి పట్టేసింది. నడిరోడ్డు మీద బండి ఆగింది. తాగి, రేడియేటర్‌లో నీళ్లు పోయకుండా నడిపాడని పటేల్ ఆయనను చెప్పుతో కొట్టాడు, అక్కడ కూలిపనికి పోతున్న జనం ముందే. నౌకరీ పోయింది. కారును పశువుల కొట్టంలోకి తోయించారు. ఆ రోజు నుంచి ఊళ్లో ఆయనకు "నీళ్లు పొయ్యనోడు" అని పేరు. బడిలో ఈమె "నీళ్లు పొయ్యనోని బిడ్డ".

"మా నాయిన చుక్క ముట్టని మనిషి. 'పొద్దున నేనే పోసిన, నా చేతులతోని పోసిన' అని ఎంతమందికి చెప్పిండో. ఎవ్వలు ఇనలే. తర్వాత చెప్పుడే బంద్ జేసిండు," అంది.

పెద్ద పటేల్ ఎప్పుడో పోయాడు. తమ్ముడు కొట్టం నేలమట్టం చేసి ప్లాట్లు వేస్తున్నప్పుడు, ఈమె ఒక చుట్టం దినానికి ఊరికి పోయింది. కారును ముక్కలు చేయడానికి తుక్కు వ్యాపారి గ్యాస్ సిలిండర్ దింపుతున్నాడు. అక్కడికక్కడే బేరం చేసుకొని, ఇంటి మీద ఇంకో గదికని దాచుకున్నది ఇచ్చేసింది. తుక్కు పోతే చాలనుకొని పటేల్ తమ్ముడు కాగితాల మీద సంతకం పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు టీచరమ్మా. గా దినం ఏమైందో గీ ఇంజిన్లనే ఉన్నది. ఇంజిన్ పారేస్తె నేను ఎవల్ని అడగాలె?"

ఆ తర్వాత నేను ఇంకెప్పుడూ సలహా ఇవ్వలేదు.

ఇంజిన్ పైమూత తీసిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వరసగా ఆరు సిలిండర్లు. రేడియేటర్ దగ్గర నుంచి మొదటి నాలుగూ, పైన తుప్పు గీకేసరికి లోపల నున్నగా మెరిశాయి. వెనకవైపు చివరి రెండూ నల్లగా మాడి, గోడలు చీరుకుపోయి, లోపలి పిస్టన్లు వాటికే అతుక్కుపోయి ఉన్నాయి. ఆమె వంగి ఒక్కొక్కటీ వాసన చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. 

"ఏమైందక్కా?"

"మా దగ్గరికి కాలిపోయిన మోటార్లు వస్తయి. బరువు ఎక్కువైతె కాయిళ్లన్ని కాలుతయి. ఒక లైన్ల కరెంటు రాకపోతె కొన్ని కాలుతయి, కొన్ని కొత్త పెండ్లికొడుకు లెక్క ఉంటయి. కాలినదాన్ని చూస్తె ఎందుకు కాలిందో తెలుస్తది." చివరి రెండు సిలిండర్ల మీద చెయ్యి పెట్టింది. "నీళ్లే లేకపోతె ఆరూ కాలాలె గద? రెండే కాలినయి. అంటె నీళ్లున్నయి. గీడిదాక రాలే. ఎందుకు రాలే? పుస్తకం తియ్యి."

నీళ్లు తిరిగే పేజీలు చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీలో ఉంది. ఇంజిన్ దిమ్మె లోపల, ముందు నుంచి వెనకదాకా పొడుగునా ఒక సన్నటి రేకు గొట్టం ఉంటుంది. దానికి వరసగా తూములు. రేడియేటర్ నీళ్లను వెనక సిలిండర్ల దాకా తీసుకుపోయేది అదే. ఇంగ్లీషులో ఉన్న పేరును ఎలా చెప్పాలో ఆలోచించి, "నీళ్లు పంచే గొట్టం" అన్నాను.

"మల్ల చెప్పు."

"నీళ్లు పంచే గొట్టం. రేకుది కాబట్టి తుప్పు పట్టొచ్చు, చూసుకుంటూ ఉండాలి అని రాశాడు."

షెడ్డు మెకానిక్కును అడిగితే అలాంటి గొట్టం ఏ ఇంజిన్‌లోనూ ఉండదన్నాడు. అది బయటికి కనిపించదు. రేడియేటర్ తీసి, నీళ్ల పంపు తీస్తే, వెనక ఒక సన్నటి సందు. ఆ సందులోంచి లాగాలి. ఆమె ఇనుప చువ్వను కొసన కొక్కెంలా వంచి, సాన పట్టుకుంది. పదకొండు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం కొక్కెం లోపలికి పెట్టి, చెవి ఇంజిన్‌కు ఆనించి, వేళ్లతో వెతికేది. బలవంతంగా గుంజితే లోపలే తెగుతుందని ఆమె భయం. ముందు సగం మెల్లగా, ఒంటి ముక్కగా వచ్చింది. చిల్లులున్నా గొట్టంలాగే ఉంది. వెనక సగం గొట్టం కాదు. పెంకుల్లాంటి తుప్పు ముక్కలు, ఎర్రమట్టి. గరిటెతో తోడితే కంచం నిండింది. వెనక రెండు సిలిండర్లకు నీళ్లు పోయే దారే లేదు.

ముక్కలు కడిగి, పాత తువాలలో పెట్టుకొని తండ్రి మంచం దగ్గర కింద కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను.

"నాయినా, చెయ్యి ఇయ్యి."

ఆయన గోడవైపే పడుకొని చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు. గొట్టం ముక్క అందులో పెట్టింది. ఆయన దాన్ని ఇటూ అటూ తడిమాడు.

"ఏంది ఇది?"

"ఇంజిన్ లోపటి గొట్టం. నీళ్లు దీంట్లకెళ్లి ఎనకదాక పోవాలె. ఎనక సగం కుళ్లిపోయి మట్టైంది. నువ్వు పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నయి నాయినా, ఎనకకు పోలే. గందుకే కాలింది. నీ తప్పు లేదు."

ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. వేలు ఒక్కొక్క తూములో పెట్టి చూసుకుంటూ చాలాసేపు ఉన్నాడు.

"నేను పోసిన. నాకెరికే," అన్నాడు చివరికి. "నీకే ఎరిక లేకుండె."

ఆమె తువాలలో మిగిలిన ముక్కలను సర్దింది.

"పదేండ్లుండె నీకు. బడికెళ్లి ఏడ్సుకుంట వచ్చి అడిగినవ్. 'పోస్తె మల్ల ఎందుకు ఆగింది నాయినా' అని. గా దినం సంది నేను ఎవలికి చెప్పలే."

చిన్నపిల్లవు కదక్కా అప్పుడు, అని నా నోటిదాకా వచ్చింది. ఆమె ఆ మాట అనలేదు. ఎంతకీ అనలేదు.

"అడిగిన," అంది. "మల్ల అడగలే గని, మనసుల గదే ఉండె నాయినా. ఇన్నేండ్లు గదే ఉండె. నిన్నటిదాక ఉండె."

 ఆయన గొట్టం ముక్కను ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. 

"గేర్ల ఏం ఆయిల్ పోస్తున్నవ్?" అని అడిగాడు.

ఆ సాయంత్రం నేనూ ఆమె కలిసి మంచాన్ని ఇటు తిప్పాం.

మిగతా పని ఏడాది పట్టింది. బాలానగర్‌లో వెనక సిలిండర్లకు కొత్త తొడుగులు వేయించింది. నీళ్లు పంచే గొట్టాన్ని పాతదాని కొలతలతో, ఈసారి ఇత్తడి రేకుతో, తనే వంచి తనే తూములు కోసింది. డైనమోకు తీగ ఫ్యాక్టరీలో నేర్చిన చేత్తోనే చుట్టింది. ఆ కారుకు గేరు కింద ఉండదు, స్టీరింగ్ పక్కన ఉంటుంది. మెకానిక్కులకు చేతకాని ఆ గేరును ఆమెకు నేర్పింది కళ్లు కనిపించని తండ్రే. ఆదివారాలు ఫ్యాక్టరీలు మూసి ఉన్నప్పుడు, పారిశ్రామికవాడ ఖాళీ రోడ్ల మీద ఆమె పక్కన కూర్చొని, ఇంజిన్ చప్పుడు వింటూ, "ఇప్పుడు మార్చు... ఇంకా కాదు... ఆఁ, ఇప్పుడు," అనేవాడు. ఆమె ఒక్కసారి తప్పు మారిస్తే ఆయన పళ్లు కొరికేవాడు. "పాప మీద చెయ్యేసినట్టు ఎయ్యాలె. గుంజులాట గాదు."

అన్నీ కుదిరిన ఒక ఆదివారం పొద్దున, ఊరికి పోదామంది. తండ్రి ముందు సీట్లో, నేను వెనక.  దారిలో బైకుల మీద కుర్రాళ్లు పక్కకొచ్చి ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. ఆమె అటు చూడలేదు.

ఊళ్లో నేరుగా పటేల్ తమ్ముడి ఇంటి ముందు ఆపింది. ఆయనకూ ఎనభై దగ్గరే. వరండాలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. కారును చూసి లేచి వచ్చాడు, ముఖం వెలిగిపోతూ.

"అరె, మా బండే! అచ్చం గట్లనే జేసినవ్ గదనే!"

ఆమె ఇంజిన్ ఆపలేదు. దిగి, బానెట్ ఎత్తి, తువాల మూట విప్పి గొట్టం ముక్కలు ఆయన ముందు పెట్టింది. ఏది ఎక్కడుండేదో, నీళ్లు ఎక్కడిదాకా పోయి ఆగాయో, ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు పని చెప్పినట్టు వివరంగా చెప్పింది. జనం మూగారు. ఆయన ముక్కలను చూశాడు. కారులో కూర్చున్న ముసలాయనను చూశాడు.

"గప్పుడు ఎవలికి ఎరుకనే ఇదంత," అన్నాడు.

"మా నాయిన చెప్పిండు గద పటేలా. నీళ్లు పోసిన అని రోడ్డు మీద మొత్తుకున్నడు. ఎనక సీట్ల నువ్వే ఉన్నవ్. మీరు ఇనలే." ఒక్క క్షణం ఆగింది. "నేను గూడ ఇనలే."

 ఆయన లోపలి నుంచి ఇంకో కుర్చీ తెమ్మని ఎవరికో సైగ చేసి, కారు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"దిగి కూసోరా. చాయ్ తాగి పోదువు గాని."

ముసలాయన నవ్వాడు.

"వద్దు పటేలా. నాకు కార్ల సీటున్నది."

ఆమె బానెట్ వేసి, వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది.  తండ్రి తడుముకుంటూ ఆమె మోచేయి పట్టుకున్నాడు.

"ఇగ సాలు బిడ్డా. ఇంటికి పోదాం."

"నీకు సాలు నాయినా," అంది ఆమె, గేరు మెత్తగా వేస్తూ. "నాకు సాలలే."

పొద్దు గూకేలోపు ఆ ఊళ్లో, ఆయనను 'నీళ్లు పొయ్యనోడు' అన్నవాళ్లవి ఇంకా పదమూడు ఇళ్ల ముందు ఆగాం. ప్రతి ఇంటి ముందూ దిగి, ఇంటివాళ్లను పేరుపెట్టి పిలిచి, ఆ ఒక్క సంగతే మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఎక్కడా ఇంజిన్ ఆపలేదు.